ఆ సాయంత్రం మా ఫ్యాన్ తిరిగింది

నా మాట ఎవరూ వినరు. ఇది కొత్త సంగతేమీ కాదు. మోరీ పొంగి ఇళ్లలోకి వస్తోందని చెబితే వినలేదు. మా గల్లీ మొగదాల కరెంటు స్తంభం వంగిందని చెబితే వినలేదు. రేషన్ షాపు తూకం గురించి చెబితే నవ్వారు. పెద్దపల్లిలో నేను మెట్లెక్కని ఆఫీసు లేదు, నన్ను కూర్చోమన్న ఆఫీసూ దాదాపు లేదు. ఎవరు ఏ రోజు ఎట్లా మొహం తిప్పుకున్నారో నాకు గుర్తుంది. మరచిపోయే గుణం నాకు లేదు.

కానీ ఈమధ్య నేను కరెంటు ఆఫీసుకు పోయింది ఎవరి మీదో చెప్పడానికి కాదు. నా మీద నేనే చెప్పుకోవడానికి. అక్కడి కుర్ర అధికారి సగం విని, పక్కవాడి వైపు చూసి కన్ను గీటాడు. "ఏం కాకా, ఊర్లె అందరి మీద అయిపోయినయా? ఇగ నీ మీద నువ్వే పిటిషనా?" అన్నాడు. అందరూ నవ్వారు. టీ వచ్చింది. వాళ్లకు వచ్చింది, నాకు రాలేదు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లు నా గొంతు వినగానే ఏదో ఫిర్యాదు అనుకుని చెవులు మూసుకుంటారు.

గోడకు బిగించిన మెయిన్ స్విచ్ పిడి ఎంత బరువుంటుంది? బడికి పోయే పిల్ల కూడా ఎత్తగలదు. నేను ఒక్కసారి ఎత్తాను. ఇన్నేళ్లుగా అది నా అరచేతిలోనే ఉంది. తుప్పు వాసనతో సహా ఉంది.

మా ఇల్లు, పక్కన గంగాధర్ ఇల్లు ఒకే మేస్త్రి కట్టాడు. రెండిళ్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. గేట్ల దగ్గర మాత్రం ఒకటే గోడ, ఆ గోడకు ఒకటే చెక్క, చెక్క మీద ఇద్దరి మీటర్లు, ఇద్దరి మెయిన్ స్విచ్‌లు. పాతకాలపు ఇనుప పెట్టెలు. పిడి పైకి ఉంటే ఆన్, కిందికి దించితే బంద్.

గంగాధర్ దుబాయిలో ఒక ధనవంతుడి బంగళాలో చేపల తొట్లు చూసుకునే పని చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు అందరూ బంగారమో టీవీయో తెచ్చుకుంటే ఈయన చేపల పిచ్చి తెచ్చుకున్నాడు. ముందు గదిలో మూడు గోడలకు అక్వేరియాలే. గోల్డ్‌ఫిష్‌లు, ఏంజెల్ చేపలు, పెద్ద తొట్టిలో ఆస్కార్ అని ఒక నల్లటి చేప, ఒంటి మీద నిప్పు మరకలతో. గంగాధర్ గదిలోకి వస్తే అది అద్దం దగ్గరికి వచ్చేది. వేరేవాళ్లు వస్తే వెనక్కి పోయి రాయి చాటున నిలబడి చూసేది. నన్నూ అట్లాగే చూసింది, నేను ఆ గదిలోకి పోయిన ఒకే ఒక్కసారి. జనరేటర్ చప్పుడు గురించి చెప్పడానికి పోయాను.

అవును, జనరేటర్. మా దగ్గర ఎండకాలం సాయంత్రాలు గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. మనకైతే విసనకర్ర ఉంది. చేపలకేముంది? గాలి మోటరు ఆగుతుంది, నీళ్లలో బుడగలు ఆగుతాయి. కాసేపు ఏమీ తెలియదు. తరువాత చేపలు ఒకటొకటిగా పైకి వస్తాయి. నోళ్లు నీటి మట్టానికి ఆనించి తెరుస్తూ మూస్తూ ఉంటాయి. చప్పుడుండదు. గది నిండా నోళ్లు తెరుచుకుంటూ ఉంటాయి, చప్పుడు మాత్రం ఉండదు.

గంగాధర్ దానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కరెంటు పోగానే మేత వేయడు. తొట్లకు తడి గోనెసంచులు కప్పుతాడు. ఆస్కార్ తొట్టిలో బ్యాటరీ మోటరు వేస్తాడు. మిగతా తొట్లలో చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉంటాడు, గాలి కలవాలని. అప్పటికీ కరెంటు రాకుంటే జనరేటర్. దాన్ని ఇంట్లో పెట్టేవాడు కాదు. మూసిన గదిలో పెడితే ఆ పొగకు మనుషులే పోతారని అందరికీ చెప్పేవాడు. సందులో పెట్టేవాడు. సందులో అంటే నా కిటికీ కింద.

ఒక్క విషయంలో మాత్రం అతను కూడా మా గల్లీవాళ్ల లాంటివాడే. కరెంటు పని చేసేవాడు మార్పిడి స్విచ్ పెట్టించుకొమ్మన్నాడు. ఇటు తిప్పితే స్తంభం కరెంటు, అటు తిప్పితే జనరేటర్, రెండూ కలవవు. పెట్టిస్తా పెట్టిస్తా అంటూ గంగాధర్ పెట్టించలేదు. రెండు కొసలకూ పిన్నులున్న వైరు ఒకటి చేయించుకున్నాడు. ఒక పిన్ను జనరేటర్‌కు, ఒక పిన్ను ఇంట్లో సాకెట్‌కు. ఇల్లంతా వెలుగుతుంది. మా వైపు ఎవరిని చూసినా అదే వాడతారు. వాడే ముందు గుర్తుంచుకోవలసింది ఒకటే: గేటు దగ్గర మెయిన్ పిడి కిందికి దించాలి. దించకుంటే ఇంట్లోని కరెంటు ఎదురు నడిచి స్తంభమెక్కుతుంది.

ఇది నాకెట్లా తెలుసు? గంగాధరే చెబుతుంటే విన్నాను. నాకు చెప్పలేదు. ఎదురింటి ముసలవ్వకు చెబుతున్నాడు. "మెయిన్ బంద్ చెయ్యకపోతే గల్లీ అంత మన కరెంటు తాగుతదవ్వా. మన జనరేటర్ గొంతు పట్టుకొని సస్తది."

ఎదురింటి అవ్వకు ఎందుకు చెబుతున్నాడంటే, ఆమె ఇంటికి జనరేటర్ నుంచి ఒక వైరు ఇచ్చాడు. ఒక ఫ్యాను, ఒక బల్బు. వెనకింటి బాలింతకు మరో వైరు. గోడకు గోడ ఆనుకున్న మాకు లేదు. పొగ మాకు, చప్పుడు మాకు, గాలి వేరేవాళ్లకు. అప్పటికే నేను ఆ జనరేటర్ మీద మున్సిపాలిటీలో ఒకటి, కరెంటు ఆఫీసులో ఒకటి దరఖాస్తులు పెట్టి ఉన్నాను. అందుకే ఇవ్వలేదని మీరు అంటారు. కావచ్చు. కానీ నా భార్యకు మోకాళ్ల నొప్పులు, ఉక్కపోతకు ఆమె రాత్రంతా లేచి కూర్చుంటుంది. ఆమె ఏ దరఖాస్తు పెట్టింది? ఒకరోజు నేను గేటు దగ్గర నిలబడి, గంగాధర్ వైపు చూడకుండానే, "మా ఇంట్లె కూడ మనుషులే ఉన్నరు" అన్నాను. అడగడం అంటే నాకు అంతే వచ్చు.

గంగాధర్ వైరు చుట్టుకుంటూ నవ్వాడు. "దరఖాస్తు పెట్టు కాకా. విచారించి ఇస్తం."

అరుగు మీద కూర్చున్నవాళ్లు పడిపడి నవ్వారు. ఎదురింటి అవ్వ కూడా, పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఈ ఊళ్లో నన్ను చాలామంది అవమానించారు. ఈ మాటంత చక్కగా ఎవరూ అనలేదు. ఇప్పటికీ ఒప్పుకుంటాను, మంచి మాట. ఈ మాట నేనే ఇంకొకరిని అని ఉంటే ఎంత సంతోషించేవాణ్నో.

ఆ నవ్వు నాలో ఎన్నాళ్లు ఉంది? తరువాత వచ్చిన గాలిదుమారం దాకా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఆకాశం ఎర్రమట్టి రంగులో ఉంది. గాలి ఒక్కసారిగా లేచి రేకులు ఎగరగొట్టింది. నేను ఎన్నిసార్లో చెప్పిన ఆ వంగిన స్తంభం దగ్గరే తీగ తెగింది. నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది, దాచడం ఎందుకు? చెప్పినప్పుడు విన్నారా? గాలి తగ్గాక ఎండ మళ్లీ వచ్చింది. ఉక్క రెండింతలైంది. నా భార్య నడవలో, ఆగిన ఫ్యాను కింద చాప వేసుకుని పడుకుంది. సందులో జనరేటర్ మొదలైంది. పొగ కిటికీలోంచి వచ్చి ఆమె మొహం మీద పడింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

నేను లేచి గేటు దగ్గరికి పోయాను.

గంగాధర్ మెయిన్ పిడి కిందికే ఉంది. ఇది జాగ్రత్తగా వినండి. కిందికే ఉంది. ఆయన మరచిపోలేదు. ఎదురింట్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది, గుమ్మంలోంచి కనిపిస్తోంది. నేను అనుకున్నది ఇంతే: పిడి ఎత్తుతాను, గల్లీ అంతా దాని కరెంటు తాగుతుంది, జనరేటర్ గొంతు పట్టుకుని ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో తెలియక గంగాధర్ తాడు గుంజి గుంజి పరేషాన్ అవుతాడు. చేపలు నోళ్లు తెరుస్తాయి. కాసేపు చూసి మళ్లీ దించేస్తాను. అంతే అనుకున్నాను. అంతేనా? ఇంకోటి కూడా ఉంది, చిన్నది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. దాని కరెంటు మా ఇంటికి కూడా ఒక్క క్షణం వస్తుందేమో అనుకున్నాను.

ఎత్తాను. ఠక్ మంది.

జనరేటర్ చప్పుడు బరువెక్కింది, కానీ ఆగలేదు. నేను తలుపులోంచి లోపలికి చూశాను. నడవలో మా ఫ్యాన్ తిరిగింది. మెల్లగా, నిద్రలోంచి లేచినట్టు, ఒక చుట్టు, ఇంకో చుట్టు. నా భార్య కళ్లు తెరిచి దాన్ని చూసింది. నేను నవ్వుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణంలో నేను నవ్వుతున్నాను.

అప్పుడు గల్లీ మొగదాల నుంచి అరుపు వినిపించింది. మనిషి అరుపులా లేదు. తరువాత ఏదో పడిన చప్పుడు. మూట పడినట్టు.

లైన్‌మెన్ సమ్మయ్య తెగిన తీగ కట్టడానికి స్తంభమెక్కి ఉన్నాడు. అవతలి వైపు తీగ విడదీసి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బంద్ చేసి, అన్నీ సరిగానే చేసి ఎక్కాడు. ఆ విడదీయడం వల్లనే గల్లీ అంతటికీ పోవలసిన కరెంటు మా నాలుగిళ్ల తీగలోనే నిలిచింది. అందుకే జనరేటర్ ఆగలేదు. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. అంటే తరువాతే తెలిశాయని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను.

సమ్మయ్య తోటివాడు పరిగెత్తుకుంటూ వచ్చి జనరేటర్ మోత విని మా గోడ దగ్గర ఆగాడు. పైకి ఉన్న పిడిని చూశాడు. "ఎవని జనరేటర్‌రా ఇది? మెయిన్ బంద్ చెయ్యకుండ ఎట్ల నడుపుతున్నవ్‌రా? మనిషి పోయిండు గద్రా!" అని పిడి దించి లోపలికి కేకేశాడు. గంగాధర్ తడి చేతులతో, చేతిలో చెంబుతో బయటికి వచ్చాడు.

"బంద్ చేసినన్నా," అన్నాడు. మళ్లీ పిడి వైపు చూశాడు. "చేసిననే అనుకుంటున్న. చేపలు నోళ్లు తెరుస్తుంటే జర ఆగమాగమైన..."

అప్పుడు నన్ను చూశాడు. నేను అక్కడే, నా గేటులో నిలబడి ఉన్నాను.

"కాకా, నువ్వు అన్నీ చూస్తుంటవు గద. నేను మెయిన్ బంద్ చేసుడు చూసినవా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. మొదటిసారి ఎవరో నా సాక్ష్యం కోసం నిలబడ్డారు. మొదటిసారి గల్లీ అంతా నోరు మూసుకుని నేనేం చెబుతానా అని చూసింది.

"నేను చూడలే," అన్నాను.

సమ్మయ్య బతికాడు. కుడిచెయ్యి మోచేతి కింద నల్లబడి ఎండిపోయింది. గంగాధర్ మీద కేసు అయింది, జనరేటర్ పట్టుకుపోయారు. ఆ ఎండకాలం కరెంటు పోయినప్పుడల్లా గంగాధర్, అతని భార్య లత చెంబులతో నీళ్లు పోస్తూ కూర్చునేవాళ్లు. తెల్లవారి బకెట్టు బయటికి వచ్చేది. అన్నిటికన్నా చివర ఆస్కార్ వచ్చింది, బకెట్టులో పట్టక తోక బయటికి ఉంది. తరువాత గంగాధర్ మళ్లీ దుబాయి పోయాడు, ఆ వయసులో, ఇక పోనని వచ్చినవాడు. ఇప్పుడు ఆ పెద్ద అద్దాల తొట్టిలో లత ఉల్లిగడ్డలు పోసుకుంటుంది.

నాకేం జరిగిందో చెప్పనా? కరెంటు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. నా పాత దరఖాస్తు బయటికి తీశారు. కుర్చీ వేశారు. "మీరు ముందే చెప్పిన్రు పెద్దమనిషీ, మేమే వినలే," అన్నారు. నా బతుకులో జవాబు వచ్చిన దరఖాస్తు అదొక్కటే. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. టీ తాగాను. చక్కెర సరిపోయింది.

ఇంత జరిగినా నేను అన్నం తిన్నాను, నిద్రపోయాను. ఒక్కటే మారింది. గాలి లేచినప్పుడల్లా పోయి గేటు దగ్గర ఆ చెక్క ముందు నిలబడతాను. ఎవరూ దాన్ని తాకకుండా కాపలా కాస్తాను. ఎవరి నుంచి కాపలా? ఎక్కడో జనరేటర్ మొదలైతే నా చూపు ఫ్యాను మీదికి పోతుంది. తిరుగుతుందేమోనని చూస్తూ ఉంటాను. నా భార్య ఆ నడవలో పడుకోవడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

మొన్న ఎదురింటి అవ్వ మనుమరాలి పెళ్లయింది. గంగాధర్ సెలవు మీద వచ్చి ఉన్నాడు. భోజనాల దగ్గర సమ్మయ్య కనిపించాడు. ఎడమచేత్తో తింటున్నాడు. పక్క వరుసలో ఎవరిదో పిల్ల "ఎడమచేత్తోని తింటుండు" అని గట్టిగా అంటే తల్లి నోరు మూసింది. గంగాధర్ తినకుండా సమ్మయ్య పక్కన కూర్చుని, మాంసం ఎముక నుంచి విడదీసి అతని విస్తరిలో పెడుతున్నాడు. సమ్మయ్య వద్దంటున్నాడు. "ఊకో అన్నా, నా చెయ్యి చేసిన పనికి నా చెయ్యే చెయ్యాలె," అన్నాడు గంగాధర్. తిన్నాక చెంబుతో ఆ చేతి మీద నీళ్లు పోశాడు. అదే చెంబులాగా అనిపించింది.

ఆయన చెయ్యి ఏం చేసింది? పిడి దించింది. సరిగ్గా, మరచిపోకుండా దించింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకే తెలియదు. తన చెయ్యి మీద తనకే నమ్మకం లేకుండా చేసినవాణ్ని, రెండు వరుసల అవతల కూర్చుని ఉన్నాను. నేనేం చేశాను? లేచి చేతులు కడుక్కుని, పప్పులో ఉప్పు తక్కువైందని వంటవాళ్లకు చెప్పి ఇంటికి వచ్చాను.

ఆ రాత్రే నా భార్యకు చెప్పాను. "నాకు తెల్వదా?" అంది. "ఆ దినం ఫ్యాన్ తిరిగినప్పుడు నువ్వు ఇంట్ల లేవు." అంతే అని లేచిపోయింది. తరువాతే నేను కరెంటు ఆఫీసుకు పోయింది, వాళ్లు నవ్వింది.

ఇంకొకటి మిగిలింది. భార్యకు కూడా చెప్పలేదు, ఆఫీసులో కూడా చెప్పలేదు. మా గేటు దగ్గర నిలబడితే ఆ స్తంభం పైభాగం కనిపించదు, గల్లీ మీదికి పొడుచుకొచ్చిన ఎదురింటి మిద్దె సజ్జా అడ్డం వస్తుంది. సమ్మయ్యను నేను చూడలేదు. ఇన్నేళ్లూ ఈ మాట పట్టుకునే బతికాను. కానీ స్తంభం కింది భాగం కనిపిస్తుంది. పిడి మీద చెయ్యి వేసే ముందు నేను అటు చూశాను. స్తంభం మొదట్లో చెప్పుల జత ఉంది. పక్కపక్కన, గుడి బయట విడిచినట్టు. స్తంభమెక్కేవాడు చెప్పులు విడిచి ఎక్కుతాడని నాకు తెలియదా? తెలుసు. పైన మనిషి ఉన్నాడని ఆ చెప్పులు చెబుతూనే ఉన్నాయి. నేను చూసి కూడా, ఏమీ కాదులే అనుకున్నానా, అయితే కానీ అనుకున్నానా? ఇన్నిసార్లు నన్ను నేను అడిగినా ఆ జవాబు నాకు దొరకలేదు. చూశానన్నది మాత్రం నిజం.

ఇప్పుడు చెప్పాను. అరచేతిలో బరువు పోలేదు. కానీ పిడికిలి తెరిచి చూపించాను, అదొక్కటే తేలిక.

గంగాధర్ సెలవు అయిపోయి వెళ్లిపోయాక, ఇవన్నీ నా గొంతుతోనే ఫోనులో చెప్పి పంపించాను. చెప్పుల సంగతి కూడా. అతను విన్నాడు. విన్నట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు. మళ్లీ పంపాను. మళ్లీ విన్నాడు. లత మాత్రం నిన్న మా గేటు ముందు నుంచి పోతూ ఆ చెక్క వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి పోయింది.

గంగాధర్, ఇది నీ దాకా వస్తే విను. క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు నువ్వు నన్నొక మాట అడిగినవు. ఇన్నేళ్లకు జవాబు చెబుతున్న. చూసిన. నువ్వు మెయిన్ బంద్ చేసినవు. నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలే. నేను జవాబిచ్చిన. ఇప్పుడు నువ్వియ్యాలె. తిట్టు, కేసు పెట్టు, గల్లీ నడుమ నిలబెట్టి ఉమ్మెయ్యి, ఏదన్న అను. ఈ ఒక్కసారి నా మాట విని ఊకోకు. జవాబియ్యి.